ముందు ప్రశ్న కలిసి రాయండి: ఆచార్యులకు, యాజమాన్యాలకు ఒక బహిరంగ లేఖ

తెలంగాణ ఉన్నత విద్యా మండలి పెద్దలకు, విశ్వవిద్యాలయాల మేనేజ్‌మెంట్ విభాగాల ఆచార్యులకు, హైదరాబాద్‌లో ఆసుపత్రులు, బ్యాంకులు, కాల్ సెంటర్లు నడుపుతున్న యాజమాన్యాలకు,

నమస్కారం.

ఆసుపత్రులు, బ్యాంకులు, కాల్ సెంటర్ల లాంటి సేవల మీద పరిశోధనకి ప్రశ్నను మీరంతా కలిసి రాయాలని అడగడానికే ఈ ఉత్తరం. మీ అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. మీరంతా ఒక్కచోట కనిపించేది ఎంఓయూ (అవగాహన ఒప్పందం) మీద సంతకాలు పెట్టే రోజునే. వేదిక మీద బొకేలు, శాలువాలు, ఫోటో. మర్నాడు పేపర్లో వార్త. ఆ తర్వాత ఆ ఫైలు ఏ అల్మరాలోకి వెళ్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను చాలా ఏళ్లుగా ఆసుపత్రి ఆపరేషన్స్‌లో పనిచేస్తున్నాను. శనివారాలు ఒక కాలేజీలో ఎంబీఏ పిల్లలకు సర్వీస్ ఆపరేషన్స్ పాఠం చెబుతాను. అందుకని రెండు వైపుల తిట్లూ నా చెవిన పడుతుంటాయి. ఆసుపత్రిలో "వాళ్లకి పుస్తకం తప్ప ఏం తెలుసండీ" అంటారు. కాలేజీలో "వాళ్లు గేటు లోపలికే రానివ్వరు కదండీ" అంటారు. నన్నడిగితే రెండూ నిజమే.

ఏటా ప్రాజెక్టుల సీజన్ వస్తుంది. ఆఖరి సెమిస్టర్ పిల్లలు కాలేజీ లెటర్ పట్టుకుని హెచ్‌ఆర్ గది ముందు నిలబడతారు. తెలిసినవాళ్ల చేత ఫోన్ చేయించుకున్నవాళ్లకి అనుమతి దొరుకుతుంది. అనుమతి అంటే ఓపీ లాబీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల చేత ప్రశ్నావళి నింపించుకోవచ్చు, అంతే. వార్డుల్లోకి వెళ్లకూడదు, సిస్టమ్ చూడకూడదు, సిబ్బందితో మాట్లాడాలంటే పక్కన సూపర్‌వైజర్ ఉండాలి. నెలన్నర తిరిగేసరికి "సేవల నాణ్యతపై రోగుల సంతృప్తి: ఒక అధ్యయనం" అని బైండు పుస్తకం తయారవుతుంది. వంద మంది శాంపిల్, అయిదు పాయింట్ల స్కేలు, రంగు రంగుల పై చార్టులు, చివర్లో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, వెయిటింగ్ టైమ్ తగ్గించాలి అని సూచనలు. ఆ మాత్రం కష్టం కూడా ఎందుకు అనుకున్నవాళ్లకి అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు దొరుకుతాయి. కంపెనీ పేరు మారిస్తే చాలు.

ఇందులో పిల్లల్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వాళ్లకి మనం చూపించిన దారి అదొక్కటే.

ఆ ప్రశ్నావళి కథ మాత్రం ఒకసారి చెప్పుకోవాలి. దాని పేరు సర్వ్‌క్వాల్, అందులో 22 అంశాలు. పరశురామన్, జైథమల్, బెర్రీ అనే ముగ్గురు ఆచార్యులు 1988లో ప్రచురించారు. పరశురామన్ మద్రాసు ఐఐటీలో చదువుకుని అమెరికా వెళ్లినాయన. వాళ్లు కుర్చీలో కూర్చుని 22 ప్రశ్నలు రాసేయలేదు. అంతకుముందు బ్యాంకింగ్, క్రెడిట్ కార్డులు, షేర్ బ్రోకింగ్, వస్తువుల రిపేర్లు అనే నాలుగు వ్యాపారాలు తీసుకుని, ఆ కంపెనీల అధికారులతో గంటల తరబడి మాట్లాడారు. కస్టమర్లను చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి వాళ్లు చెప్పింది విన్నారు. అందులోంచి 1985లో ఒక పరిశోధన పేపర్ వచ్చింది. డబ్బు పెట్టింది మార్కెటింగ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్. కంపెనీలే సభ్యులుగా చేరి, తమకు నిద్రపట్టనివ్వని ప్రశ్నల మీద ఆచార్యుల చేత పని చేయించుకోవడానికి 1961లో మొదలైన సంస్థ అది. అంటే రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చుంటే పుట్టిన పరికరాన్ని, ఎవరూ ఎవరితోనూ కూర్చోకుండా మనం వాడుకుంటున్నాం.

ఇంకో సంగతి. ఆ 1985 పేపర్లో అయిదు అంతరాలు చెప్పారు. కస్టమర్‌కి ఏం కావాలో యాజమాన్యానికి సరిగ్గా తెలియకపోవడం ఒకటి. తెలిసినా దాన్ని నియమంగా రాసుకోకపోవడం రెండోది. రాసుకున్న నియమం కౌంటర్ దగ్గర అమలు కాకపోవడం మూడోది. జరిగేదొకటి, ప్రకటనల్లో చెప్పేదొకటి కావడం నాలుగోది. వీటన్నిటి ఫలితంగా కస్టమర్ అనుకున్నదానికీ అతనికి దక్కినదానికీ మధ్య తేడా రావడం అయిదోది. మొదటి నాలుగూ కంపెనీ గోడల లోపల ఉన్నాయి. లాబీలో కూర్చున్న పిల్లలకి దొరికేది అయిదోది ఒక్కటే. ఏటా దాన్నే కొలుస్తున్నాం. మిగతా నాలుగింటి జోలికి వెళ్లనిచ్చినవాళ్లు లేరు, వెళ్తామని పట్టుబట్టినవాళ్లూ తక్కువే.

మాటలతో కాకుండా ఒక ఉదాహరణతో చెబుతాను. డిశ్చార్జ్ సంగతే తీసుకోండి.

ఉదయం రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ గారు "బానే ఉన్నారుగా, ఇవాళ ఇంటికెళ్లిపోవచ్చు" అంటారు. రోగి భార్య ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి కారు మాట్లాడమంటుంది. మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే అనుకుంటారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో వాళ్లకి కనిపించదు. డిశ్చార్జ్ సమ్మరీ టైప్ చేయాల్సిన జూనియర్ డాక్టర్ రౌండ్స్ ముగిసేదాకా కదలలేడు. టైప్ అయ్యాక పెద్ద డాక్టర్ గారు చూసి సంతకం పెట్టాలి, ఆయన ఈలోగా ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లిపోయారు. వాడగా మిగిలిన మందులు, సిరంజీలు లెక్కపెట్టి ఫార్మసీకి వాపసు పంపాలి. పంపితేగానీ ఫార్మసీ క్లియరెన్స్ ఇవ్వదు. క్లియరెన్స్ వస్తేగానీ బిల్లింగ్ వాళ్లు ఫైనల్ బిల్లు తీయరు. ఫైనల్ బిల్లు, సమ్మరీ, రిపోర్టులు అన్నీ కలిపి ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లు టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాలి. అటునుంచి ఒక క్వెరీ వస్తుంది, ఇండోర్ కేస్ పేపర్లు పంపమని. పంపుతారు. అప్రూవల్ వస్తుంది, కొంత కోతతో. గ్లోవ్స్, మాస్కులు, ఇంకేవో నాన్ పేయబుల్స్ కింద మీరే కట్టుకోవాలని కౌంటర్లో చెబుతారు. అప్పటిదాకా ఓపిక పట్టిన తమ్ముడు అక్కడ పేలతాడు. తిట్లు తినేది నెలకి చాలీచాలని జీతం తీసుకునే బిల్లింగ్ అమ్మాయి. కింద కారు డ్రైవర్ వెయిటింగ్ చార్జి అడుగుతుంటాడు. అదే సమయంలో ఎమర్జెన్సీలో స్ట్రెచర్ మీద ఒకాయన బెడ్ కోసం ఎదురుచూస్తుంటాడు. ఆయనకి రావాల్సింది ఈ బెడ్డే.

2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక మంచి పని చేసింది. ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ రిక్వెస్ట్ అందిన మూడు గంటల్లో బీమా కంపెనీ ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలని, ఆలస్యమైతే అందువల్ల ఆసుపత్రి వేసే అదనపు ఖర్చు బీమా కంపెనీయే భరించాలని మాస్టర్ సర్క్యులర్‌లో పెట్టింది. అయితే గడియారం మొదలయ్యేది రిక్వెస్ట్ అందాకే. డాక్టర్ గారు ఇంటికెళ్లమన్న క్షణం నుంచి ఆ రిక్వెస్ట్ బయల్దేరేదాకా గడిచే గంటలు ఎవరి ఖాతాలోనూ లేవు. రోగి దృష్టిలో మాత్రం అదంతా ఒకటే నిరీక్షణ.

ఇప్పుడు మన ప్రశ్నావళి ఏమడుగుతుందో చూడండి. "బిల్లింగ్ సిబ్బంది మీతో మర్యాదగా ప్రవర్తించారా? 1 నుంచి 5 వరకు గుర్తించండి." కోపంగా ఉన్న తమ్ముడు 1 కొడతాడు. బతికి ఇంటికెళ్తున్నామన్న సంతోషంలో భార్య 5 కొడుతుంది. సగటు 3 వస్తుంది. సిబ్బందికి మర్యాద మీద ఒకరోజు ట్రైనింగ్ పెట్టాలని సూచన వస్తుంది. ట్రైనింగ్ కూడా పెడతారు, సమోసాలతో సహా. డిశ్చార్జ్ సాయంత్రానికే అవుతుంది.

కొన్నేళ్ల కింద ఒక అమ్మాయికి ఎలాగో ఒప్పించి ఒక వార్డు నర్సింగ్ స్టేషన్ దగ్గర కూర్చునే అనుమతి తెచ్చాను. ప్రశ్నావళి లేదు. ఒక నోట్‌బుక్, ఒక వాచీ. ప్రతి ఫైలూ ఏ నిమిషానికి ఏ చేతిలోంచి ఏ చేతిలోకి వెళ్లిందో రాసుకోమన్నాను. మొదట్లో నర్సులు తమ మీద నిఘా పెట్టారేమోనని అనుమానంగా చూశారు. తర్వాత వాళ్లే "ఇదిగో, ఇది కూడా రాసుకో" అని చెప్పడం మొదలుపెట్టారు. మేమంతా బిల్లింగ్ దగ్గరే ఆలస్యం అనుకునేవాళ్లం, ఎందుకంటే గొడవ అయ్యేది అక్కడే. ఆ అమ్మాయి నోట్‌బుక్ చూస్తే ఆలస్యం అంతకన్నా చాలా ముందే మొదలైంది. మందుల వాపసుకి వార్డు బాయ్ ఫార్మసీకి వెళ్లేది రోజుకి రెండే సార్లు, అన్ని గదులవీ పోగయ్యాక. మొదటి ట్రిప్పు దాటిపోతే ఆ రోగి ఫైలు మధ్యాహ్నం దాకా కదలదు. ఎవరూ పెట్టిన నియమం కాదది. ఎప్పుడో మనుషులు తక్కువున్న రోజుల్లో అలవాటైంది, అలాగే ఉండిపోయింది. ఏ కన్సల్టెంట్ స్లైడ్‌లోనూ ఈ సంగతి లేదు.

తర్వాత ఏమైందో వినండి. కాలేజీ రివ్యూలో ఎగ్జామినర్ అడిగిన మొదటి ప్రశ్న "హైపోథిసిస్ ఎక్కడమ్మా?" (అంటే ముందే అనుకుని పరీక్షించే ఊహ). రెండోది "శాంపిల్ ఎంత?" ఒక్క వార్డే అంటే కుదరదన్నారు. చివరికి ఆ పిల్ల లాబీలో కూర్చుని ప్రశ్నావళి నింపించుకుని, నోట్‌బుక్‌లో ఉన్నదంతా అనుబంధంలో పడేసి పాసయింది. ఆసుపత్రి వైపు నుంచి వచ్చిన స్పందన కూడా ఒకటే, మా పేరు ఎక్కడా రాకూడదని. నివేదిక చదివామన్నవాళ్లు మాత్రం లేరు. వార్డు బాయ్ ట్రిప్పులు పెరగడానికి మరో కారణం రావాల్సి వచ్చింది, అది వేరే కథ.

ఇది ఒక్క కాలేజీ తప్పో, ఒక్క ఆసుపత్రి తప్పో అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు.

ఆచార్యుల వారికి ఒక మనవి. మీరు చెప్పే శాస్త్రం పుట్టిందే పని జరిగే చోట. ఓఆర్ (ఆపరేషన్స్ రీసెర్చ్) పేపర్లో క్యూల లెక్కలు చేయిస్తారు కదా, "ఒక బ్యాంకులో ఒకే క్లర్క్, గంటకి పదిమంది కస్టమర్లు" అని మొదలయ్యే లెక్కలు. వాటికి మూలపురుషుడు ఎర్లాంగ్ కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీ ఉద్యోగి. ఎన్ని లైన్లు ఉంటే ఎంతమందికి కాల్ దొరక్కుండా పోతుందన్నది ఆ కంపెనీకి డబ్బుతో ముడిపడిన ప్రశ్న. 1909లో ఆయన మొదటి పేపర్ అక్కడినుంచే వచ్చింది. సేవల మార్కెటింగ్‌ని వస్తువుల మార్కెటింగ్‌లా చూడకూడదని 1977లో గట్టిగా రాసిన లిన్ షోస్టాక్ ప్రొఫెసర్ కాదు, సిటీబ్యాంక్‌లో వైస్ ప్రెసిడెంట్. మీరు బోర్డు మీద గీసే సర్వీస్ బ్లూప్రింట్ కూడా ఆవిడదే. కస్టమర్‌కి కనిపించే పని ఒక గీతకి ఇటు, కనిపించని పని అటు. మన పిల్లలు ఆ బొమ్మ పరీక్షలో చక్కగా గీస్తారు. గీతకి అటువైపు ఒక్కరోజు కూడా నిలబడి ఉండరు.

ఇజ్రాయెల్‌లో ఒక బ్యాంకు చేసిన పని మన యాజమాన్యాలు తెలుసుకోవాలి. 1999లో తమ కాల్ సెంటర్‌కి వచ్చిన ఫోన్ల రికార్డును, ఒక్కో కాల్ ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఆగింది, ఎంతసేపు మాట్లాడారు అన్న వివరాలతో సహా, పేరు బయటపెట్టొద్దన్న షరతుతో పరిశోధకుల చేతికిచ్చింది. అక్కడి టెక్నియాన్ విశ్వవిద్యాలయంలో ఉన్న మండెల్‌బామ్, ఆయన తోటివాళ్లు దాన్ని జల్లెడపట్టి 2005లో పేపర్ వేశారు. ఇప్పటికీ కాల్ సెంటర్ల మీద పనిచేసేవాళ్లు దాన్ని తీసి చూస్తారు. అందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. కొన్ని సెకన్లలోనే ముగిసిపోయిన కాల్స్ అనుమానం వచ్చేంత ఎక్కువగా కనిపించాయి. తీరా చూస్తే ఏజెంట్లలో కొందరు కాస్త ఊపిరి పీల్చుకోవడానికి కస్టమర్ల కాల్స్‌ని తామే కట్ చేసి పెట్టేస్తున్నారు. ఇలాంటిది ఏ సంతృప్తి సర్వేలో దొరుకుతుంది? పెట్టేసిన ఫోన్ వాళ్లకి సర్వే కూడా వెళ్లదు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఆ రికార్డు చూసి ఏజెంట్లని పీకేయడం ఒక పద్ధతి. వాళ్లకి ఊపిరి పీల్చుకునే సందు ఎందుకు లేదని అడగడం ఇంకో పద్ధతి. కంపెనీ ఒక్కటే ప్రశ్న రాస్తే మొదటిదే రాస్తుందని నా అనుభవం. ప్రొఫెసర్ ఒక్కరే రాస్తే "ఉద్యోగుల ఒత్తిడిపై జనాభా అంశాల ప్రభావం" అని రాసి వయసు, పెళ్లయిందా లేదా అని అడుగుతారు. అందుకే ప్రశ్న రాసే బల్ల దగ్గర నర్సు, బిల్లింగ్ క్లర్క్, కాల్ సెంటర్ ఏజెంట్, వీళ్లలో ఎవరో ఒకరు ఉండాలి. గౌరవం కోసమని కాదు, పని ఎక్కడ ఆగుతుందో వాళ్లకే తెలుసు గనక. వాళ్లు చెప్పింది వాళ్ల మీదకే ఆయుధంగా రాకూడదని ముందే కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

యాజమాన్యాలకు: మీరు పరిశోధన చేయించట్లేదని అనను. చేయిస్తున్నారు, కన్సల్టెన్సీ వాళ్ల చేత, పెద్ద ఫీజు కట్టి. మూడు నెలల తర్వాత వాళ్లొక పీపీటీ ఇచ్చి వెళ్తారు. అందులో సరుకు ఉన్నా అది మీ బోర్డు రూమ్ దాటదు, పక్క ఆసుపత్రిలో అదే జబ్బుకి అదే ఫీజు మళ్లీ కడతారు. గచ్చిబౌలి, మాదాపూర్ దారుల్లో ఉన్న గ్లోబల్ సెంటర్లలో ప్రపంచంలోని పెద్ద పెద్ద బ్యాంకుల, బీమా కంపెనీల పని మన పిల్లలే చేస్తున్నారు. తెలంగాణ ఆదాయంలో సేవల వాటా మూడింట రెండు వంతులకు దగ్గరగా ఉంది. ఇంత పని జరిగే ఊళ్లో ఆ పని గురించి మన విశ్వవిద్యాలయాలు రాసిన పుస్తకాలు వెతికితే ఒక అరలో సగం నిండవు. వస్తువుల తయారీ మీద పరిశోధనకి ప్రయోగశాల కావాలని అందరూ ఒప్పుకుంటారు. సేవలకి ప్రయోగశాల మీ కౌంటరే, మీ వార్డే. తలుపు మీరు తీయకపోతే ఇంకెవరూ తీయలేరు.

డేటా ఇస్తే చట్టపరంగా చిక్కు వస్తుందని మీ లీగల్ వాళ్లు చెబుతారు. భయం అర్థమవుతుంది. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనే పరిశోధనకు, గణాంకాలకు సడలింపు ఉంది. ఆ సమాచారంతో ఒక ఫలానా మనిషి మీద నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. డిశ్చార్జ్ టైమ్‌లు చూడటానికి రోగి పేరు గానీ ఫోన్ నంబర్ గానీ జబ్బు గానీ అక్కర్లేదు. ఫైలు నంబర్ మార్చేసి, టైమ్‌స్టాంపులు ఇస్తే చాలు. నిజం చెప్పాలంటే అడ్డం పడేది చట్టం కాదు. ఆలస్యాలు బయటపడితే పక్క ఆసుపత్రి వాళ్లు ప్రచారం చేసుకుంటారేమోనన్న టెన్షన్. దానికి ఆ ఇజ్రాయెల్ బ్యాంకు పద్ధతే ఉంది, పేరు దాచుకోండి. ఫలితాన్ని మాత్రం దాచమనకండి. ప్రయత్నించాం, పనిచేయలేదు అన్నది కూడా అచ్చు కావాలి. లేకపోతే మిగిలేది మీ మార్కెటింగ్ బ్రోచర్.

మండలి పెద్దలకు చెప్పాల్సింది మార్కుల గురించి. ఒక ఆచార్యుడు ఏడాదిపాటు ఒక ఆసుపత్రితో కూర్చుని డిశ్చార్జ్ సమయం తగ్గించే పద్ధతి కనిపెట్టి నివేదిక రాస్తే, ప్రమోషన్ దగ్గర దానికి విలువ ఎంత? డబ్బులు కట్టి ఏదో జర్నల్‌లో వేయించుకున్న నాలుగు పేజీల పేపర్‌కి లెక్క ఉంటుంది. జర్నళ్ల జాబితాతో నాణ్యత కాపాడదామని యూజీసీ పెట్టిన కేర్ లిస్టును 2025లో యూజీసీయే పక్కన పెట్టింది. నాణ్యత చూసుకునే బాధ్యత ఇప్పుడు విశ్వవిద్యాలయాల మీదే పడింది. ఇదే అదను. క్షేత్రంలో చేసిన పనికి, దాన్ని వాడుకున్న సంస్థ నుంచి, సంబంధం లేని మరో ఇద్దరు పరీక్షకుల నుంచి మదింపు తెప్పించుకుని పేపర్‌తో సమానంగా లెక్కించండి.

ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పథకం 2022 నుంచే ఉంది. 15 ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లని పీహెచ్‌డీ లేకపోయినా తీసుకోవచ్చు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాకా. ఆలోచన బావుంది. అయితే ఆ కుర్చీలో రిటైరైన సీఈవోల్ని కూర్చోబెట్టి విజయగాథలు చెప్పించుకోవడంతో సరిపెట్టకండి. ఆసుపత్రి అడ్మిషన్ డెస్క్‌ని ఇరవయ్యేళ్లు నడిపిన మనిషిని తీసుకురండి. ఇంగ్లిష్ అంత బాగా రాకపోవచ్చు, పరవాలేదు. దీనికి తిరుగుదారి కూడా ఉండాలి. మేనేజ్‌మెంట్ ఆచార్యులు నాలుగేళ్లకోసారైనా ఒక సెమిస్టర్ బయటి సంస్థలో గడపాలి. క్లాసులు తగ్గించకుండా వెళ్లమంటే మాత్రం ఎవరూ వెళ్లరు, ఖాళీలు నింపకుండా క్లాసులు తగ్గవు. ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

డబ్బు దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. కంపెనీల చట్టం షెడ్యూల్ 7 ప్రకారం ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిశోధనకి సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు ఇవ్వొచ్చు. కానీ అక్కడ రాసింది సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, వైద్యం అని. సేవల నిర్వహణ మీద పరిశోధన అందులోకి వస్తుందా అంటే ఒక్కో ఆడిటర్ ఒక్కోలా చెబుతారు. వైద్య కళాశాలతోనో ఇంజనీరింగ్ విభాగంతోనో జట్టుకడితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది, పని కూడా బాగుపడుతుంది. డిశ్చార్జ్ సమస్య మేనేజ్‌మెంట్ వాళ్లు ఒక్కరే తీర్చేది కాదు.

ఇదంతా అమెరికాలో, ఇజ్రాయెల్‌లో కుదురుతుంది గానీ మన దగ్గర కుదరదు అనేవాళ్లని బంజారాహిల్స్ దాకా వెళ్లి చూడమంటాను. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిని డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టారు. 1996 నుంచి 2000 వరకు ఆ సంస్థ ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనం చేసింది. హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదివేలమందికి పైగా కళ్లు పరీక్షించారు. చూపు పోయినవాళ్లలో చాలామందికి అది పోకుండా ఆపగలిగేదే, లేదా తిరిగి తేగలిగేదే అని తేలింది. 50 వేల జనాభాకి ఒక విజన్ సెంటర్, దాని పైన 5 లక్షల జనాభాకి ఒక సెకండరీ ఆసుపత్రి, ఇలా మెట్లు మెట్లుగా సేవ కట్టుకుంటూ వచ్చారు. లెక్క తీసినవాళ్లూ సేవ కట్టినవాళ్లూ ఒకే కప్పు కింద ఉన్నారు. ప్రశ్న అడిగింది ఒకరు, జవాబు వాడుకుంది ఇంకొకరు అన్న బెడద లేదు. అందరూ ఆసుపత్రితో పాటు పరిశోధన సంస్థ పెట్టుకోలేరు, నిజమే. పెట్టుకోలేనివాళ్ల కోసమే కదా విశ్వవిద్యాలయాలు ఉన్నది.

ప్రభుత్వ సేవలకి కూడా ఇదే వర్తిస్తుంది. 2001లో ఈసేవ, 2005లో 108, 2011లో మీసేవ, 2025లో ఆంధ్రప్రదేశ్ వాట్సాప్ సేవలు. దేశం మనల్ని చూసి నేర్చుకున్నవి ఇందులో ఉన్నాయి. ప్రతిదాంట్లోనూ ప్రతి అర్జీకి, ప్రతి కాల్‌కి టైమ్ నమోదవుతుంది. వాటిని విశ్వవిద్యాలయాల ముందు పెట్టి "ఎక్కడ ఆగుతోందో చెప్పండి" అని అడగడానికి కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన భక్తుల్లో ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. క్యూల లెక్కలు చెప్పే కాలేజీలు ఆ ఊళ్లోనే ఎన్నో ఉన్నాయి. ఆ లెక్కలు వస్తే ఆ రాత్రి అలా జరిగేది కాదని అనడం తేలిక, నేననను. కానీ ఒక పెద్ద క్యూ పక్కనే ఉండి కూడా మన తరగతి గది దాన్ని తన ప్రశ్నగా ఎందుకు చూడలేదన్నది నన్ను వదలట్లేదు.

ఒక సర్వీసుతోనే మొదలుపెట్టండి. పది విషయాలు పెట్టుకుంటే మళ్లీ ఎంఓయూ అవుతుంది. డిశ్చార్జ్ తీసుకోండి, అది అందరికీ తెలిసిన బాధ. రెండు ప్రైవేటు ఆసుపత్రులు, ఒక ప్రభుత్వ ఆసుపత్రి, ఒక విశ్వవిద్యాలయం, ఒక బీమా కంపెనీ. పిల్లలు నెలన్నర కాదు, పూర్తి సెమిస్టర్ అక్కడే ఉండాలి. ఒకరి నోట్‌బుక్ తర్వాతి బ్యాచ్ చేతికి అందాలి, ఏటా సున్నా నుంచి మొదలవకూడదు. తేలినదాన్ని వార్డు సిబ్బందికి తెలుగులో రెండు పేజీల్లో చెప్పాలి. ఇంగ్లిష్ పేపర్ తర్వాత తీరిగ్గా వేసుకోండి.

మొదటి సమావేశానికి హాలు, బ్యానరు, జ్యోతి ప్రజ్వలన వద్దు. ఆసుపత్రి తరఫున పేర్లు తీసేసిన ఒక నెల డిశ్చార్జ్ లాగ్ తీసుకురండి. విశ్వవిద్యాలయం తరఫున ఆ సెమిస్టర్‌కి క్లాసులు తగ్గించిన ఒక ఆచార్యుడి పేరు చెప్పండి. మండలి తరఫున, ఇలాంటి నివేదికకి ప్రాజెక్టు మార్కులు చెల్లుతాయన్న సర్క్యులర్ తీసుకురండి, హైపోథిసిస్ లేకపోయినా సరే. ఒక హెడ్ నర్సుకి ఆ పూట డ్యూటీ మార్పించి తీసుకొచ్చే బాధ్యత నాది. తర్వాతి ప్రాజెక్టుల సీజన్ మొదలవడానికి ముందు ఏ శనివారమైనా సరే, మధ్యాహ్నం క్లాసు అయ్యాక వస్తాను.

ఇట్లు,
ఒక ఆసుపత్రి ఆపరేషన్స్ ఉద్యోగి, శనివారం మాస్టారు
హైదరాబాద్